బీమా కాగితం చూపలేకపోతే...

బండికి బీమా లేకపోవడం ఒక నేరం. బీమా ఉండి కూడా అడిగినప్పుడు దాని కాగితం చూపలేకపోవడం వేరే తప్పు. రోడ్డు పక్కన పోలీసు ఆపి చలానా రాసే హడావిడిలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలామంది వాహనదారులు కూడా రెండూ ఒకటే అనుకుని, అడిగినంత కట్టేసి బయటపడితే చాలనుకుంటారు. చట్టం మాత్రం వీటికి వేర్వేరు సెక్షన్లు, వేర్వేరు శిక్షలు పెట్టింది. చలానా చేతికి వచ్చాక ఏం చేయాలో తేల్చేది ఈ తేడాయే.

మన దేశంలో మోటారు వాహనానికి బీమా తప్పనిసరి అన్నది ఈమధ్య వచ్చిన నిబంధన కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని బీమా అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టం, 146వ సెక్షన్‌లో అదే మాటను కొనసాగించింది. బహిరంగ ప్రదేశంలో బండి నడపాలంటే థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. బండి తగిలి దెబ్బతిన్న పాదచారికి, ఎదుటి వాహనంలోని మనిషికి, పరాయివాళ్ల ఆస్తికి పరిహారం అందేలా చూడటం దీని ఉద్దేశం. సొంత బండికి తగిలిన సొట్టలు, దొంగతనం, వరద నష్టం వంటివి ‘ఓన్ డ్యామేజీ’ అనే వేరే భాగం. ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అని జనం పిలిచేదాంట్లో అవీ కలుస్తాయి. చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే. అందువల్ల ఓన్ డ్యామేజీ గడువు తీరిపోయినా, థర్డ్ పార్టీ గడువు మిగిలి ఉంటే ఆ బండి ‘బీమా లేని బండి’ కాదు. చలానా రాసేవాళ్లు కూడా కొన్నిసార్లు ఈ సంగతి గమనించరు. వాహనదారుడికి మాత్రం ఇది తెలిసి ఉండాలి.

బీమా లేకుండా నడిపితే శిక్ష ఏమిటో 196వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణకు ముందు జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటి తప్పుకు 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు అయింది. రెండు సందర్భాల్లోనూ మూడు నెలల దాకా జైలు శిక్ష వేసే అవకాశం ఉంది. జైలు, జరిమానా రెండూ కలిపి కూడా వేయవచ్చు. బీమా ఉండి కాగితం చూపలేకపోవడం ఈ సెక్షన్ కిందికి రాదు. ప్రత్యేక శిక్ష చెప్పని తప్పులకు వర్తించే 177వ సెక్షన్ కింద దాన్ని చూస్తారు. అక్కడ మొదటిసారి 500 రూపాయలు, తర్వాత 1,500 రూపాయలు గరిష్ఠ జరిమానా. జైలు మాట లేదు. ఈ రెండింటి మధ్య దూరం డబ్బులోనే కాదు, నేరం బరువులోనూ ఉంది.

196వ సెక్షన్ నడిపినవాడితో ఆగదు. నడపమని ఇచ్చిన యజమానికీ అది వర్తిస్తుంది. స్నేహితుడికో బంధువుకో బండి ఇచ్చేముందు బీమా తేదీ చూసుకోవలసింది అందుకే. అయితే జీతానికి నడిపే డ్రైవర్‌కు 146వ సెక్షన్‌లోనే ఒక రక్షణ ఉంది. బీమా లేదని అతనికి తెలిసి ఉండాలి, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉండాలి. అలా లేనప్పుడు అతను ఆ సెక్షన్‌ను ఉల్లంఘించినట్టు కాదు. ట్రావెల్స్ కార్లు, సరుకు ఆటోలు నడిపేవాళ్లలో ఎందరో యజమాని చేయాల్సిన పనికి తమ జీతంలోంచి జరిమానా కడుతుంటారు. ఇంత ముఖ్యమైన వెసులుబాటు వాళ్లలో చాలామందికి తెలియకపోవడం బాధాకరం.

ఇక బండి ఆపినప్పటి సంగతి. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గానీ, రవాణా శాఖ అధికారం ఇచ్చిన అధికారి గానీ సి-బుక్కు, లైసెన్సు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చూపమని అడగవచ్చు. ఇవన్నీ కాగితం రూపంలోనే ఉండాలన్న రోజులు పోయాయి. 2018 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధనను సవరించి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చాలని స్పష్టంగా రాశారు. అంతకు కొన్ని నెలల ముందే డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని పత్రాలను అసలు పత్రాలతో సమానంగా చూడాలని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సూచించింది. 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో అడుగు పడింది. అధికారి తన పరికరంలో వివరాలు సరిచూసుకోగలిగితే మళ్లీ కాగితం అడగనక్కర్లేదు. తెలంగాణలో 2016లో వచ్చిన ఆర్టీఏ ఎం-వాలెట్ కూడా సి-బుక్కు, లైసెన్సులను ఫోన్‌లో చూపడానికి తెచ్చినదే.

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో, మసకబారిన స్క్రీన్‌షాట్ మాత్రం ఈ గౌరవానికి నోచుకోవు. వాటిని అక్కడికక్కడ సరిచూసే దారి అధికారికి ఉండదు. బీమా సంస్థ ఈ-మెయిల్‌లో పంపిన పీడీఎఫ్ నయం. దాని మీద ఉండే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చూడవచ్చు. ఏజెంటు నంబరు వెతుక్కోవడం, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి బీరువాలో చూడమనడం వంటి తిప్పలు లేకుండా, ఈ పీడీఎఫ్‌ను నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లో దాచుకోవాలి. ఘాట్ రోడ్డులోనో ఊరి పొలిమేరలోనో సిగ్నల్ దొరకనప్పుడు డిజీలాకర్ ఉన్నా లేనట్టే. బండి డాష్‌బోర్డు అరలో ఒక జిరాక్సు ఉంచుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచిదే.

అన్నీ సరిగా ఉన్నా పోలీసు చేతిలోని పరికరం ‘బీమా లేదు’ అని చూపే సందర్భాలు ఉన్నాయి. వాటికి కారణాలు మామూలువే. కొత్త బండి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు ఇంకా రాదు కాబట్టి పాలసీని ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో ఇస్తారు. నంబరు వచ్చాక దాన్ని పాలసీలో చేర్పించడం చాలామంది మరిచిపోతారు. అప్పుడు బండి నంబరుతో వెతికితే బీమా కనబడదు. రెన్యువల్ చేయించిన రోజునే వివరాలు ప్రభుత్వ డేటాబేస్‌కు చేరకపోవచ్చు. ఏజెంటు బండి నంబరు నమోదు చేసేటప్పుడు ఒక్క అక్షరం తప్పు కొట్టినా అంతే. ఇటువంటి చోట పరికరం చెప్పింది చివరి మాట కాదు. బీమా సంస్థ ఇచ్చిన సర్టిఫికెటే అసలు సాక్ష్యం. నిబంధనల్లో 51వ ఫారంగా ఉన్న ఆ సర్టిఫికెట్‌లో బండి వివరాలు, బీమా మొదలైన తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. పాలసీ తయారయ్యేలోపు సంస్థ ఇచ్చే కవర్ నోట్ 52వ ఫారం. అది 60 రోజులు చెల్లుతుంది.

పాత బండి కొన్నవారికి వచ్చే చిక్కు మరొకటి ఉంది. పాలసీ ఇంకా అమ్మినవారి పేరు మీదే ఉంటుంది. పేరు మారలేదు కాబట్టి బీమా లేనట్టే అని ఎవరైనా అంటే అది సరికాదు. 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారిన రోజునుంచే బీమా సర్టిఫికెట్, పాలసీ కొత్త యజమానికి బదిలీ అయినట్టు భావించాలి. కొన్నవారు 14 రోజుల్లోగా పేరు మార్చమని బీమా సంస్థను కోరాలి. ఆ పని వాయిదా వేస్తే థర్డ్ పార్టీ రక్షణకు ఢోకా రాకపోయినా, సొంత బండికి నష్టం జరిగి క్లెయిమ్ పెట్టుకునే వేళ ఇబ్బంది ఎదురవుతుంది.

పత్రం చేతిలో లేనివారికి చట్టం కొంత గడువు ఇచ్చింది. దాన్ని వాడుకునేవారు తక్కువ. 158వ సెక్షన్ ప్రకారం, అడిగిన రోజునుంచి ఏడు రోజుల్లోగా తాను చెప్పిన పోలీసు స్టేషన్‌లో సర్టిఫికెట్ చూపితే, అప్పుడు చూపలేదన్న ఒక్క కారణంతో ఆ డ్రైవర్‌ను దోషిగా తేల్చడానికి వీల్లేదు. రవాణా శాఖ అధికారి అడిగినప్పుడు 130వ సెక్షన్ 15 రోజులు ఇస్తుంది. అటెస్ట్ చేయించిన నకళ్లను స్వయంగా ఇవ్వవచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. ఏ గడువు ఎవరికి వర్తిస్తుందన్న తర్జనభర్జన పెట్టుకోకుండా ఏడు రోజుల్లో పని ముగించుకోవడమే క్షేమం. ఆపినచోటే అధికారికి ఒక మాట మర్యాదగా చెప్పాలి: ‘బీమా ఉందండీ, కాగితం ఇంటి దగ్గర ఉంది, ఏడు రోజుల్లోగా ఫలానా స్టేషన్‌లో తెచ్చి చూపిస్తాను.’ ఈ మాట చెప్పినందువల్ల చలానా ఆగిపోతుందన్న హామీ లేదు. కానీ తర్వాత కోర్టులో గానీ స్టేషన్‌లో గానీ చెప్పుకోవడానికి అది బలమైన ఆధారం. అధికారి పేరు, హోదా, చోటు, సమయం అప్పుడే రాసి పెట్టుకోవాలి. వాగ్వాదానికి దిగితే కాగితం లేని చిన్న తప్పు కాస్తా విధులకు అడ్డుపడ్డ కేసుగా మారే ప్రమాదం ఉంది.

చలానా వచ్చాక మొదట చూడవలసింది మొత్తం కాదు, సెక్షన్. 196 అని రాశారా, 177 అని రాశారా? చలానాలో ‘బీమా లేకుండా నడపడం’ అని ఉందా, ‘పత్రాలు చూపలేదు’ అని ఉందా? బండి నంబరు, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా? సమయం చాలా ముఖ్యం. బీమా ఉందా లేదా అన్నది ఆపిన ఆ గడియకు తేలాల్సిన విషయం. ఆ రోజు పొద్దున పదింటికి ఆపితే, మధ్యాహ్నం కొన్న పాలసీ ఆ చలానాను రద్దు చేయించలేదు.

బీమా అమల్లో ఉండగా 196 కింద చలానా వస్తే తొందరపడి డబ్బు కట్టకూడదు. 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం కట్టి కేసు ముగించుకోవడాన్ని రాజీ అంటారు. కట్టడం తేలిక, అక్కడితో గొడవ వదులుతుంది. కానీ చేయని నేరాన్ని ఒప్పుకున్నట్టు రికార్డులో పడుతుంది. రేపు మరోసారి ఇలాగే జరిగితే రెండో తప్పు కింద లెక్కవేయడానికి దారి తీస్తుంది. రెండు వేలకోసం పరుగులెందుకు అనుకునేవారు ఈ మాట ఆలోచించాలి.

ఈ రాజీ మొత్తం అన్ని రాష్ట్రాల్లో ఒకటి కాదు. 2019 సవరణ వచ్చినప్పుడు గుజరాత్ వెంటనే చాలా జరిమానాలను తగ్గించింది. తెలంగాణ అప్పట్లో కొత్త రేట్లను వెంటనే అమలు చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో తన జాబితాను ప్రకటించింది. అందువల్ల హైదరాబాద్‌లో ఒకరు కట్టిన మొత్తం, విజయవాడలో మరొకరు కట్టిన మొత్తం ఒకటి కాకపోవచ్చు. చలానాపై ఉన్నదే చూసుకోవాలి. కేసు కోర్టుకు వెళ్తే మాత్రం 196వ సెక్షన్‌లోని అంకెలే వర్తిస్తాయి.

అభ్యంతరం చెప్పే పని కష్టమైనదేమీ కాదు. ఆపిన రోజున, ఆపిన సమయానికి బీమా అమల్లో ఉన్నట్టు చూపే సర్టిఫికెట్ నకలు, ప్రీమియం కట్టిన రసీదు, సి-బుక్కు నకలు, చలానా నకలు జతచేసి, చలానాలో ఉన్న ట్రాఫిక్ పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇచ్చినట్టు రెండో ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పరివాహన్ వేదికలో వచ్చిన ఈ-చలాన్ అయితే ఆ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు నమోదు చేసే భాగం ఉంది. డేటాబేస్‌లో బీమా కనబడనందువల్ల వచ్చిన చలానా అయితే బీమా సంస్థ శాఖకు వెళ్లి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ బండికి బీమా అమల్లో ఉందని ధ్రువీకరించే లేఖ అడగాలి. అదే చేత్తో రికార్డు సరిచేయమని కోరాలి. లేకపోతే వచ్చే నెల ఇంకో కూడలిలో ఇదే కథ. బీమా సంస్థ పట్టించుకోకపోతే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయవచ్చు. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

స్టేషన్‌లో తేలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. కోర్టు అనగానే భయపడనక్కర్లేదు. ఇవి సంక్షిప్తంగా ముగిసే కేసులు. 208వ సెక్షన్ కింద సమన్లు వచ్చినప్పుడు స్వయంగా గానీ, న్యాయవాది ద్వారా గానీ హాజరు కావచ్చు. తప్పు ఒప్పుకునేవారు సమన్లలో చెప్పిన మొత్తాన్ని పోస్టు ద్వారా పంపే వీలు కూడా ఆ సెక్షన్‌లో ఉంది. బీమా ఉన్నవారు ఒప్పుకోవడానికి ఏమీ లేదు. ‘ఆ రోజు బీమా ఉంది, ఇదిగో సర్టిఫికెట్’ అని అసలు పత్రాలతో చెబితే చాలు. పాలసీ మీద బండి నంబరుకు బదులు ఇంజిన్ నంబరు ఉంటే, సి-బుక్కులోని ఇంజిన్ నంబరుతో పోల్చి చూపాలి. గడువు దాటే దాకా చలానాను పక్కన పడేయడం మాత్రం ఏ రకంగానూ మంచిది కాదు. సమన్లు వచ్చినా వెళ్లకపోతే వారెంటు దాకా పోవచ్చు.

చలానాలు పేరుకుపోయినవారికి జాతీయ లోక్ అదాలత్ ఒక మార్గం. రాజీకి వీలున్న మోటారు వాహన కేసులను అక్కడ ముగించుకోవచ్చు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. తెలంగాణలో 2022 మార్చిలోను, 2023 డిసెంబరు నుంచి 2024 మొదట్లోను పెండింగ్ చలానాలపై పెద్ద రాయితీలు ప్రకటించారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం దాకా తగ్గించారు. అలాంటి రాయితీ మళ్లీ వస్తుందిలే అని ఎదురుచూడటం అలవాటుగా మారింది. బీమా విషయంలో ఈ అలవాటు ప్రమాదకరం. రాయితీతో చలానా తీరినా బీమా లేని బండి రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది.

ఆపిన సమయానికి నిజంగానే బీమా లేనివారికి చెప్పవలసింది వేరు. అక్కడ వాదించడానికి ఏమీ లేదు. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే బీమా సంస్థ బాధ్యత మొదలు కాదు. వెనకటి తేదీ వేసి పాలసీ ఇవ్వడం కుదరదు. ఆ రోజే పాలసీ కొని, దాని మీద తేదీ దిద్ది స్టేషన్‌లో చూపే ప్రయత్నం చేస్తే రెండు వేల జరిమానా కాస్తా ఫోర్జరీ కేసు అవుతుంది. నకిలీ పాలసీల సంగతీ ఇంతే. ఆర్టీఏ ఆఫీసుల పరిసరాల్లో అతి తక్కువ ధరకు బీమా చేయిస్తామనేవాళ్ల చేతిలో మోసపోయినవారు ఎందరో ఉన్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడటం, బీమా సంస్థ వెబ్‌సైట్‌లో పాలసీ నంబరు కొట్టి చూడటం, ఎంపరివాహన్‌లో బండి నంబరు పక్కన బీమా తేదీ మారిందో లేదో గమనించడం వీటికి విరుగుడు. నిజంగా బీమా లేనివారు చేయవలసినవి రెండే: అక్కడికక్కడ పాలసీ కొనాలి, చలానా గడువులోగా కట్టాలి. మొదటిది అయ్యేదాకా బండి కదపకూడదు.

బండిని స్వాధీనం చేసుకుంటారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. వాహనాన్ని నిలిపివేసే అధికారం ఇచ్చే 207వ సెక్షన్‌లో లైసెన్సు లేకపోవడం, మైనర్లు నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం ఉన్నాయి. బీమాకు సంబంధించిన 146వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. బీమా కాగితం లేదన్న ఒక్క కారణంతో బండి తీసుకెళ్తామంటే ఏ సెక్షన్ కింద అని అడిగి, రాతపూర్వక రసీదు కోరే హక్కు వాహనదారుడికి ఉంది. ప్రమాదం జరిగితే మాత్రం లెక్క పూర్తిగా మారుతుంది.

బీమా లేని బండి వల్ల ఎవరైనా చనిపోయినా, అవయవాలు కోల్పోయినా మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ నిర్ణయించే మొత్తం యజమాని సొంతంగా చెల్లించాలి. చనిపోయినవారి వయసు, సంపాదన, వారి మీద ఆధారపడినవారి సంఖ్య చూసి లెక్కగట్టే ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. చెల్లించలేకపోతే ఇల్లు, పొలం జప్తుకు వస్తాయి. బీమా ఉంటే మరణానికి, గాయాలకు బీమా సంస్థ చెల్లించే మొత్తానికి పరిమితి లేదు. ఇతరుల ఆస్తి నష్టానికి కార్ల సాధారణ పాలసీలో 7.5 లక్షల రూపాయల దాకా రక్షణ ఉంటుంది. 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు, థర్డ్ పార్టీ బీమా లేని బండి వల్ల మరణమో గాయమో జరిగితే ఆ బండిని అమ్మి వచ్చిన డబ్బును ట్రిబ్యునల్‌లో జమ చేసేలా నిబంధనలు పెట్టాలని రాష్ట్రాలకు చెప్పింది. పాత మోపెడ్‌ను వేలం వేస్తే బాధిత కుటుంబానికి దక్కేది ఎంత? అసలు నష్టపోయేది ఎవరో ఇక్కడే తెలుస్తుంది. దేశంలో రిజిస్టరైన వాహనాల్లో సగానికి మించి బీమా లేకుండానే ఉన్నాయని బీమా సమాచార సంస్థ లెక్కలు చూపాయి. అంటే రోడ్డు దాటే ప్రతి మనిషీ ఈ ప్రమాదంలో ఉన్నట్టే.

దీనికి ఖర్చు భయపడేంత కాదు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య ద్విచక్ర వాహనానికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పన్ను అదనం. పన్ను కలపకుండా చూస్తే రోజుకు రెండు రూపాయలు కూడా పడదు. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి 1,500 సీసీ కారుకు 3,416, అంతకు మించితే 7,897 రూపాయలు. ఊళ్లల్లో ఎక్కువగా తిరిగే వంద సీసీ బండికి ఒక్కసారి పడే జరిమానాతో రెండేళ్లకు పైగా బీమా వస్తుంది.

పొరుగు రాష్ట్రాలకు వెళ్లేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఒడిశా 2024 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాల దగ్గర ఈ-డిటెక్షన్ పద్ధతి పెట్టింది. టోల్ గేటు దాటే బండి నంబరును డేటాబేస్‌తో పోల్చి బీమా, పొల్యూషన్, ఫిట్‌నెస్ గడువులు తీరితే చలానా పంపుతుంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్లే బండిని ఎవరూ ఆపరు, చలానా మాత్రం ఫోన్‌కు వస్తుంది. ఇటువంటి పద్ధతిలో కాగితం చూపే అవకాశమే ఉండదు కాబట్టి, డేటాబేస్‌లో వివరాలు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవడం అవసరం.

అమెరికాలో ఉన్న తెలుగువారికీ ఇదే తేడా వర్తిస్తుంది. అక్కడ దీన్ని టికెట్ అంటారు. డల్లస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో బీమా లేకుండా నడిపినట్టు మొదటిసారి తేలితే 175 నుంచి 350 డాలర్ల దాకా జరిమానా. ఆపిన సమయానికి బీమా ఉందని కోర్టుకు ఆధారం చూపితే కేసు కొట్టేస్తారు. కాలిఫోర్నియాలో ఇది సరిదిద్దుకోదగిన ఉల్లంఘన. ఆ రోజు బీమా ఉన్నట్టు చూపి 25 డాలర్ల రుసుం కడితే సరిపోతుంది. చూపలేనివారికి అసలు జరిమానా వంద నుంచి 200 డాలర్లే అయినా, దాని మీద పడే అదనపు రుసుములతో అది కొన్ని రెట్లవుతుంది. కొత్తగా చదువుకు వెళ్లిన పిల్లలు టికెట్ మీది మొత్తాన్ని ఆన్‌లైన్‌లో కట్టేసి హమ్మయ్య అనుకుంటారు. అక్కడ డబ్బు కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. ఆ మచ్చ తర్వాతి ఏడాది బీమా ప్రీమియంలో కనబడుతుంది. టికెట్ మీద ఉన్న తేదీలోగా కోర్టుకు జవాబు ఇవ్వకపోతే అది మరో నేరం.

ఎక్కడున్నా చలానా దాకా రాకుండా ఆపేది తేదీలు చూసుకోవడమే. ఇందులో మన దగ్గర ఒక ప్రత్యేకమైన గందరగోళం ఉంది. 2018 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది. ఓన్ డ్యామేజీ మాత్రం ఏడాదికే ఉండవచ్చు. ఒకే పాలసీ కాగితం మీద రెండు వేర్వేరు గడువులు కనబడటం అందువల్లే. మొదటి ఏడాది ముగియగానే బీమా అయిపోయిందని కంగారుపడేవాళ్లు కొందరు. ఐదేళ్లదాకా ఏమీ చూడనక్కర్లేదని ధీమాగా ఉండి, ఆరో ఏట రెన్యువల్ మరిచిపోయేవాళ్లు అంతకన్నా ఎక్కువ. బండి కొని ఐదేళ్లు దాటినవారు ఈ వ్యాసం చదివిన రోజే పాలసీ తీసి థర్డ్ పార్టీ గడువు ఒక్కసారి చూసుకోవాలి. గడువు తీరాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయిస్తే నో క్లెయిమ్ బోనస్ పోదన్న మాట నిజమే. కానీ అది ఓన్ డ్యామేజీ ప్రీమియంలో దక్కే రాయితీకి సంబంధించిన గడువు మాత్రమే. థర్డ్ పార్టీ రక్షణకు అదనపు రోజులంటూ లేవు. పాలసీలో రాసిన ఆఖరి రోజు అర్ధరాత్రితో అది ముగుస్తుంది.